తాడు నేల తాకిన రోజు

ఆ థీమ్ పార్కులో ఆమె అసలు పేరు తెలిసిన మనిషి జీతాలిచ్చే గుమాస్తా ఒక్కడే అయ్యుంటాడు. మిగతా అందరికీ ఆమె తాడు వదిన. పొద్దున్నే గేట్లు తెరిచాక జనం రైడ్ల మీదికి ఎగబడకుండా దారికి అడ్డంగా ఒక లావుపాటి తాడు పట్టుకుంటారు. తాడు పట్టుకున్నవాళ్లు ముందు నడుస్తారు, జనం వాళ్ల వెనకాల నడవాలి. ఎంత తొందరున్నా సరే, తాడు దాటకూడదు. మిగతావాళ్లంతా ముందుకు చూస్తూ నడిస్తే, మన వదిన మాత్రం జనం వైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తుంది. "వీపు కనబడితే తోసేస్తారు, మొహం కనబడితే మొహమాటపడతారు" అంటుంది. ఎన్నో ఏళ్లుగా అలా నడిచీ నడిచీ ఆమె మడమలకు కళ్లొచ్చాయని తోటివాళ్లు వేళాకోళమాడుతుంటారు.

ఆ తాడుకు నియమం ఒక్కటే. అది నేల తాకకూడదు. నేల తాకిందంటే దారి వదిలేసినట్టే, ఇక ఎవరి పరుగు వాళ్లది. అందుకని చివరి మలుపు దగ్గర పై అధికారి చెయ్యి ఊపాక తాడును చుట్టుకుంటూ పక్కకు తీస్తారే తప్ప కింద పడెయ్యరు. వదిన చేతిలోంచి తాడు జారిన రోజు లేదు. ఒకసారి కందిరీగ కంటి మీద కుట్టింది. అయినా పట్టు వదల్లేదు. వాచిన కన్నుతో ఇంటికి వెళితే, అత్తగారు తడిగుడ్డ పెడుతూ, "నీ ఉద్యోగం పాడుగానూ, తాడు పడిపోతే ఆకాశం పడిపోతుందిటే?" అని నానా తిట్లూ తిట్టింది. ఆ ఉద్యోగం వెతికిపెట్టిందీ ఆవిడే మరి.

ఆ కథ చెప్పాలి. వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నోట్లో నాలుక లేని మనిషి. కూర బాగుందంటే తలూపేది, బాగాలేదన్నా తలూపేది. భర్త తాళాలు బాగుచేస్తాడు. వీధి చివర గూడంత కొట్టు. అతనూ పెద్దగా మాట్లాడడు, ఎంతసేపూ తాళంకప్పల కడుపులోకి తొంగిచూస్తుంటాడు. ఆ ఇంట్లో మాటలన్నీ అత్తగారి వాటాకే వచ్చాయి. ఆవిడ యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో చాలాకాలం పనిచేసి వచ్చిన మనిషి. గొడవంటే ఆవిడకు వేడి కాఫీతో సమానం. బస్సులో సీటు కోసం మొదలుపెట్టినా, కూరగాయల దగ్గర తూకం కోసం మొదలుపెట్టినా, ఆఖరి మాట తనదయ్యేదాకా కదిలేది కాదు. బస్సు దిగాక కూడా కిటికీలోంచి మిగిలిన మాట అప్పజెప్పి వచ్చేది.

ఒకరోజు ఆవిడ బస్టాపు గోడ మీద పార్కువాళ్ల ప్రకటన చూసింది. ఇంటికి వస్తూనే కోడలి చంకలోంచి పిల్లను లాక్కుని, "పద, నీకు ఉద్యోగం" అంది. కోడలు బెదిరిపోయింది. "అంతమంది జనాన్ని ఆపాలిట అత్తయ్యా, నావల్ల ఏమవుతుంది?" అంటే, "ఎందుకు కాదో చూస్తాను" అని ఆమెను మేడ మీదికి తీసుకుపోయి నిలబెట్టింది. "ఇక్కణ్ణించి కింద వాకిట్లో పోయేవాణ్ణి ఆగమను" అంది. మొదటి రోజు ఆ గొంతు పిట్టగోడ కూడా దాటలేదు. అత్తగారు కింద నిలబడి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినబళ్ళా! ఇంకోసారి!" అని అరిచేది. నాలుగు రోజులయ్యాక ఒక సాయంత్రం "ఆగండి!" అన్న కేకకు పాలవాడు బ్రేకు వేసి సైకిల్ మీంచి పడబోయాడు. అత్తగారు పాలవాడిని లేవనెత్తి, దుమ్ము దులిపి, పైకి చూసి, "ఇక వెళ్లి చేరు" అంది.

అలా చేరింది. పిల్లకు జ్వరమొస్తే రాత్రంతా ఒళ్ళో పెట్టుకున్నది అత్తగారు. బడికి తీసుకెళ్లింది, తలదువ్వింది, టీచర్లతో గొడవపెట్టుకున్నది అత్తగారు. ఆ పిల్ల ఇప్పుడు కాలేజీకి వెళుతోంది. ఇన్నేళ్లుగా కోడలు గుమ్మం దాటేవేళకు టిఫిన్ డబ్బా మూతపెట్టి సిద్ధంగా ఉండేది. అది చేతిలో పెడుతూ, "ఖాళీ డబ్బా మర్చిపోయి రాకు, నిరుడు రెండు పోగొట్టావు" అనేది ఆవిడ. కోడలు తలూపి వెళ్లిపోయేది. ఎప్పుడైనా మనసులో అనిపించేది, ఈవిడ లేకపోతే నేనేమైపోదును అని. కానీ సొంత అత్తగారికి ఎదురుగా నిలబడి కృతజ్ఞతలు చెప్పడమేమిటి, విన్నవాళ్లు నవ్విపోరూ! అలా ఆ మాట ఏళ్ల తరబడి గొంతులోనే ఉండిపోయింది.

ఇలా ఉండగా పార్కులో కొత్త విభాగం కట్టారు. సముద్రం అడుగున ఊరు ఉంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. గవ్వల ఆకారంలో ఇళ్లు, మధ్యలో ఫౌంటెన్, తిమింగలం ముక్కుతో ఒక బుల్లి రైలు, అన్నిటికీ వెనక దీపస్తంభంలాంటి ఎత్తైన రైడు. పనివాళ్లంతా దాన్ని "సముద్రం" అనేవాళ్లు. ఊరంతా ఎదురుచూస్తోంది. తెరిచిన రోజున ఇసకేస్తే రాలనంత జనం వస్తారని అందరికీ తెలుసు. ఆ జనాన్ని ఎలా అదుపులో పెట్టాలో చూసుకోవడానికి కొత్త అధికారి ఒకాయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నిదానంగా ఉండే మనిషి. నోరు తెరిస్తే "దశలవారీగా" అనేవాడు. ముందు నడకదారీ ఫౌంటెనూ మాత్రమే తెరుద్దాం, దశలవారీగా. కొన్నాళ్లకు రైలు, ఆ తర్వాత దీపస్తంభం, దశలవారీగా. జనాన్ని కూడా ఒక్కసారే వదలొద్దు. మొదటి గుంపు ఫౌంటెన్ చేరి అటూ ఇటూ సర్దుకున్నాకే రెండో తాడు దగ్గరున్న గుంపును కదిలిద్దాం. ఏ తాడుకైనా ముందు ఫౌంటెన్ దాకా దారి ఖాళీగా ఉండాల్సిందే. అలా ఆయనకు వారం తిరక్కుండానే దశల సారు అని పేరు పడిపోయింది.

వదినకు ఆయన పద్ధతి ఏమీ నచ్చలేదు. ఒక్క తాడుతో ఇన్నేళ్లు లాక్కొచ్చిన మనిషికి రెండో తాడంటే చిన్నతనంగా ఉండదూ? పైగా అంత దారి ఊరికే ఖాళీగా పడుంటే జనం తనను తిడతారని బెంగ. ఇంటికొచ్చి ఆయనలా మెడ సాచి, గొంతు సన్నం చేసి మాట్లాడి చూపించేది. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వేది. "అన్నం కూడా దశలవారీగానే తింటాడటే? ముందు పప్పు తెరిచి, వారం పోయాక పెరుగు తెరుస్తాడేమో" అనేది.

నవ్వులు ఎలా ఉన్నా, వదిన మనసులో ఒక ఆశ ఉంది. సముద్రంలో తాళ్లన్నిటికీ ఒక పెద్ద కావాలి. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో చెప్పే మనిషి. రిహార్సల్ రోజున యజమానులు వచ్చి చూసి ఆ మనిషిని ఎంచుకుంటారని చెప్పారు. ఒకప్పుడు పిట్టగోడ దాటని గొంతు కదా, దానికి ఈ పని దొరికితే అత్తగారు వీధంతా చెప్పుకు తిరుగుతుందని ఆమె కోరిక.

రిహార్సల్‌కి జనం ఎక్కణ్ణించి వస్తారు? పార్కువాళ్లకు ఒక అలవాటుంది. కొత్తది ఏది తెరిచినా ముందుగా పనివాళ్ల చుట్టాలను పిలిచి వాళ్లనే జనంగా నడిపిస్తారు. ఊరికే నడిస్తే ఏం లాభం? అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో వేషం చెబుతారు. నువ్వు తప్పిపోయిన పిల్లాడివి, మీరు టికెట్ పారేసుకున్నాయన, మీరు క్యూ దాటి దూరే కుటుంబం. తాడు గనక వదిలితే అందరూ కలిసి పరిగెత్తుకు రావాలి, అదీ ఆట. మొదటి రిహార్సల్‌లో అత్తగారికి కళ్లు తిరిగి పడిపోయే పెద్దావిడ వేషం వచ్చింది. ఇంకేం! వారం రోజులు ఇంట్లో మంచం మీద పడడం సాధన చేసింది. ఆ రోజున నుదుటి మీద చెయ్యి ఆనించి, "అయ్యో, లోకమంతా తిరిగిపోతోందర్రా" అని నెమ్మదిగా, బట్టలు నలక్కుండా, కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకుని మరీ పడిపోయింది. చప్పట్లు మారుమోగాయి. స్ట్రెచర్ మీద పడుకుని అందరికీ చెయ్యి ఊపుతూ వెళ్లింది.

రెండో రిహార్సల్ అసలైనది. యజమానులు వచ్చిన రోజు. ఈసారి అత్తగారికి గొడవపెట్టే మనిషి వేషం ఇచ్చారు. "నన్ను నేర్చుకోమంటారేమిటి, విడ్డూరం!" అని నవ్వింది. అయితే ఆ పొద్దున మెట్లు దిగుతూ ఒకచోట ఆగి గోడ పట్టుకుంది. కోడలు ఏమైందని అడిగితే, "ఏం లేదు, గొంతు సవరించుకుంటున్నా" అంది. తొందరలో ఉన్న కోడలు అది పట్టించుకోలేదు.

మొదటి గుంపు గేటు దాటింది. వదిన తాడు నడుమ పట్టుకుని వెనక్కి నడుస్తోంది. తాడు ఒక చివర కండక్టర్ బాబాయి ఉన్నాడు. పూర్వం బస్సులో కండక్టరు, రిటైరయ్యాక ఇక్కడ చేరాడు. అంతా సాఫీగా సాగుతోంది. గేటు దగ్గర రెండో తాడు వెనక మిగిలిన చుట్టాలు ఆగివున్నారు. దశల సారు అక్కడే నిలబడి చూస్తున్నాడు. యజమానులు దారి పక్కనే ఒక గవ్వ ఇంటి గట్టు మీద కూర్చున్నారు. అప్పుడు అత్తగారు గుంపులోంచి ముందుకొచ్చి తాడు మీద చెయ్యి వేసింది.

"ఏమ్మా, నా మనవరాలు లోపలుంది. నన్నొక్కదాన్నీ వదిలితే నీ సొమ్మేం పోయింది?"

"అందరితోపాటే పంపిస్తామండీ. కాస్త నిదానంగా రండి."

"నిదానమా! పెద్దదాన్ని పట్టుకుని నిదానం నేర్పుతావా? నీకు ఇంట్లో అత్తగారు లేదూ?"

గుంపులో నవ్వులు మొదలయ్యాయి. వదిన పెదవి బిగబట్టింది.

"ఎందుకు లేరండీ, మా అత్తయ్య బంగారం. మీలా నోరు పారేసుకోరు."

ఈసారి యజమానులు కూడా నవ్వారు. అత్తగారి కళ్లు మెరిశాయి. ఇలాంటి అవకాశం ఆవిడ జన్మలో వదులుకోదు.

"ఆహా! అయితే ఆ బంగారాన్నే అడుగు, పెళ్లయిన కొత్తలో నువ్వు..." అంది. అని ఆగింది. తాడు మీది చెయ్యి జారింది. ఆవిడ మెల్లగా కిందికి కూర్చుంది, పక్కకు ఒరిగింది.

గుంపంతా చప్పట్లు కొట్టింది. "పిన్నిగారు పాత వేషం మర్చిపోలేదర్రోయ్!" అని కండక్టర్ బాబాయి పడీపడీ నవ్వాడు. వాకీటాకీలో దశల సారు గొంతు కూడా వినబడింది. "ఇవాళ పడిపోయే వంతు ఆవిడది కాదే?" అని. వదినకూ నవ్వొచ్చింది. పెళ్లయిన కొత్తలో తను ఏం చేసిందని చెబుతుందోనని ఆ మిగిలిన మాట కోసం ఎదురుచూసింది. ఆ మాట రాలేదు. కళ్లజోడు మొహం మీదే వంకరగా ఉండిపోయింది. నిద్రపోతూ కూడా ఒక్కోసారి ఎవరితోనో వాదించే మనిషి, గెలిచే గొడవను సగంలో వదిలేసింది.

వదిన చేతుల్లోంచి తాడు నేల మీద పడింది. ఆమె పడేసింది. పడేసి, "అత్తయ్యా!" అని అరిచింది.

తాడు పడగానే గుంపు పరుగందుకుంది. వాళ్ల తప్పేముంది, వాళ్లకు చెప్పిన పనే అది. పిల్లలూ పెద్దలూ కేరింతలు కొడుతూ మీదికి వచ్చేస్తున్నారు. వదిన అత్తగారి మీదికి వంగి తన వీపు అడ్డంపెట్టింది. అప్పుడు కండక్టర్ బాబాయి నేల మీది తాడును చూశాడు. ఈమె చేతిలోంచి తాడు జారడం అతను ఎన్నడూ చూడలేదు. నవ్వు ఆగిపోయింది. గుంపు వైపు తిరిగి, రెండు చేతులూ బారచాచి, పూర్వం నిండు బస్సు ఆపిన గొంతుతో, "హోల్డాన్!" అని కేక పెట్టాడు. అందరూ జీవితమంతా బస్సులెక్కినవాళ్లే. ఆ కేకకు ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు.

గేటు దగ్గర మిగతా చుట్టాలంతా ఏమైందో చూద్దామని ముందుకు తోసుకొచ్చారు. దశల సారు ఆ రెండో తాడు మధ్యకు తనే దూరి, ఛాతీతో ఆపుతూ నిలబడ్డాడు. ఒక్క మనిషిని కూడా ఇవతలికి రానివ్వలేదు. అలా ఆపుతూనే వాకీటాకీలో అంబులెన్సును లోపలికి రమ్మన్నాడు.

ఇక్కడ వదినకు అదేమీ కనబడలేదు. ఆమెకు కనబడింది ఒక్కటే, ఇటు తిరిగితే ఫౌంటెన్ దాకా ఖాళీ దారి. అత్తగారిని రెండు చేతుల్లోకి ఎత్తుకుంది. బియ్యం బస్తా ఎత్తాలంటే భర్తను పిలిచే మనిషి. ఎత్తుకుని పరిగెత్తింది, ముందుకే పరిగెత్తింది. గవ్వల ఇళ్లు, రంగు దీపాలు, అన్నీ పక్కల్నుంచి జారిపోయాయి. దారిలో అడ్డొచ్చిన మనిషి లేడు, తప్పించుకోవాల్సిన బండి లేదు. ఫౌంటెన్ దగ్గరికి చేరేసరికి పక్క గేటులోంచి అంబులెన్సు తిన్నగా వచ్చి ఆగింది. తలుపులు తెరిచారు, అత్తగారిని అందుకున్నారు.

ఆసుపత్రిలో గుండెపోటు అన్నారు. లోపలికి తీసుకెళ్లి మూసుకుపోయిన నాళం తెరిచారు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది. వేళకు తెచ్చారు" అంది. తాళాల కొట్టు నుంచి నూనె చేతులతో పరిగెత్తుకొచ్చిన భర్త ఆ మాట విని గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వదిన అతని చేతులు తన చున్నీతో తుడిచింది.

మర్నాడు దశల సారు పళ్ల సంచితో వచ్చాడు. వరండాలో ఆయన్ను చూసి వదిన లేచి నిలబడింది. చీవాట్లు తినడానికి సిద్ధపడే లేచింది.

"సార్, తాడు పడేశాను."

"చూశానమ్మా."

"యజమానుల ఎదురుగా పడేశాను."

"వాళ్లూ చూశారు. అదలా ఉంచండి, ఆవిడ ఎలా ఉన్నారు?"

"గండం గడిచిందన్నారు." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "సార్, ఒక మాట చెప్పాలి. మీరు ఆ రెండో తాడు పెట్టకపోతే, ఆ దారి ఖాళీగా ఉంచకపోతే, ఇవాళ మా ఇంట్లో మనిషి ఉండేది కాదు. మేము ఇంట్లో మిమ్మల్ని ఎన్నిసార్లు వెక్కిరించుకున్నామో. మీ మేలు మర్చిపోను సార్."

దశల సారు కాస్త సిగ్గుపడ్డాడు. "పార్కులో కూడా వెక్కిరిస్తారు, నాకు తెలుసులెండి" అన్నాడు. తర్వాత బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. "ఇంకెవరైనా తాడు పడేసుంటే నేను గట్టిగా కేకలేసేవాణ్ణి. మీరు పడేశారు గనక ఏదో జరిగిందని వెంటనే తెలిసింది. యజమానులతో కూడా అదే చెప్పాను. వచ్చే వారం సముద్రం మొదటి దశ తెరుస్తున్నాం. తాళ్లకు పెద్ద మీరే. వీలైతేనే రండి, తొందరేం లేదు."

ఆమె దణ్ణం పెట్టబోతే ఆయన కంగారుగా లేచి, పళ్ల సంచి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మొదటి దశ తెరిచిన రోజు జనం నిజంగానే విరగబడి వచ్చారు. వదిన తాడు పట్టుకుని వెనక్కి నడిచింది. ముందు వరసలో ఒకాయన విసుక్కున్నాడు. "ఏంటమ్మా ఇది, ముందంతా ఖాళీయే కదా! ఈ నత్తనడక ఎందుకు? మీకేమైనా మా మీద కోపమా?"

ఇదివరకైతే ఆమె ఏదో సరదా మాట అనేసి ఊరుకునేది. ఇవాళ ఆయన మొహంలోకి చూసింది. పక్కనే భార్య, భుజం మీద పిల్ల ఉన్నారు.

"కోపమెందుకండీ. ఆ ఖాళీ మనలో ఎవరికి అవసరమవుతుందో తెలీదు కదా. మొన్న మా అత్తగారికి అవసరమైంది. బతికారు."

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ వరసంతా చివరి మలుపుదాకా బుద్ధిగా నడిచింది.

పని దిగగానే వదిన ఆసుపత్రికి వెళ్లింది. అత్తగారు దిండుకు ఆనుకుని కూర్చుని నర్సుతో సూప్‌లో ఉప్పు లేదని వాదిస్తోంది. కోడల్ని చూసి నర్సును వదిలేసింది.

"ఎలా జరిగిందే?"

"బాగా జరిగింది అత్తయ్యా. ఎవరూ పడలేదు, ఎవరూ తప్పిపోలేదు. మీ కోడలే తాళ్లకు పెద్ద ఇప్పుడు."

"మరి మొహం అలా పెట్టుకున్నావేం?"

వదిన మంచం అంచున కూర్చుంది. ఆవిడ చెయ్యి తీసుకుంది. ఆ చేతికి ఇంకా సూది పట్టీ ఉంది. ఇన్నేళ్లుగా దాచుకున్న మాటకు ఇప్పుడు అడ్డు పెట్టాలనిపించలేదు.

"మీరు లేకపోతే నేను లేను అత్తయ్యా. నా ఉద్యోగం, నా బిడ్డ చదువు, నా గొంతు, అన్నీ మీరిచ్చినవే. ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ రోజు మీరు మాట్లాడకుండా పడుంటే, ఈ మాట చెప్పకుండానే అయిపోతుందేమోనని భయమేసింది."

అత్తగారు రెండో చెయ్యి కూడా తెచ్చి కోడలి చేతి మీద వేసింది. నర్సు సూప్ గిన్నె తీసుకుని మెల్లగా పక్క మంచం వైపు వెళ్లిపోయింది.

"నాకు తెలివి కొంచెం కొంచెం ఉందే ఆ రోజు" అంది అత్తగారు. "నోరు పెగల్లేదు గానీ, నువ్వు నన్నెత్తుకోవడం తెలుస్తూనే ఉంది. నా తల నీ భుజం మీద పెట్టుకుని పరిగెత్తావు కదా. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ తర్వాత నన్ను ఎత్తుకున్నవాళ్లు ఎవరూ లేరే."